హుక్కు మీద బరువు

బోయిగూడలో మా షాపు ముందు మధ్యాహ్నం ఎండ సరిగ్గా షట్టర్ దాకా వచ్చి ఆగిపోతుంది. అక్కణ్ణుంచి లోపలంతా నీడ, డీజిల్ వాసన, నూనె పీల్చుకున్న నల్లటి నేల. మా నాన్న ప్రభుదాస్ పెట్టిన షాపు. డీజిల్ ఇంజన్ల పంపులు విప్పి బాగుచేస్తాం. ఎక్కువగా లారీలవి, జనరేటర్లవి. ఆయన పోయాక నేనే చూసుకుంటున్నాను. నా పేరు శాంతికుమార్.

ఆ రోజు నేను అన్నం తింటుంటే రాఘవేందర్ వచ్చాడు. వాడూ నేనూ ఒకే బడిలో చదివాం. వాడికి యాప్రాల్‌లో టెంట్ హౌస్ ఉంది. పెళ్ళిళ్ళకీ ఫంక్షన్లకీ షామియానాలు, కుర్చీలు, వంటపాత్రలు కిరాయికిస్తాడు. వస్తూనే స్టూలు లాక్కుని కూర్చుని, నా టిఫిన్ డబ్బాలోంచి చేప ముక్క ఒకటి తీసి నోట్లో వేసుకున్నాడు.

"అరె శాంతి, ట్రాక్టర్ కొన్న."

"నీకెందుకురా ట్రాక్టరు? పొలం ఎక్కడుంది నీకు?"

"పొలానికి ఎవడు కొన్నడు? ఉరికియ్యనీకి కొన్న."

ఫోన్‌లో వీడియో చూపించాడు. దుమ్ములో పాతకాలపు ట్రాక్టర్లు ఒకదాన్నొకటి దాటుకుంటూ దూసుకుపోతున్నాయి. చుట్టూ జనం ఈలలు వేస్తున్నారు. శామీర్‌పేట దాటాక ఏదో ఫామ్‌హౌస్‌లో అలాంటి పోటీయే పెడుతున్నారట. కీసర అవతల కమలాబాయి అనే ముసలామె దగ్గర వీడికి అరవైల నాటి ఎర్ర ట్రాక్టర్ దొరికింది. ఆమె భర్త సదాశివ పోయినప్పటి నుంచి అది కొట్టంలోనే పడి ఉందట.

"ఇంజన్ గడియారం లెక్క కొట్టుకుంటది. ఒక్కటే తక్లీఫ్. పోదురా! టాప్ గేర్ల ఏసి ఫుల్లు తొక్కినా మనిషి ఉరికినంత జోరే పోతది. మల్ల దాని మీద ఇంకో జోక్. అమ్మేటప్పుడు ముసలామె నా చెయ్యి పట్టుకొని, జోరుగ తోలకు బిడ్డా అన్నది. పోనే పోని బండిని జోరుగ ఎట్ల తోల్త?"

వాడు పగలబడి నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది. ఇంజన్ బాగుండి బండి పోవడం లేదంటే లోపం ఎక్కడుంటుందో ఊహించగలను. ప్రతి డీజిల్ ట్రాక్టర్ పంపులోనూ గవర్నర్ అని ఒకటి ఉంటుంది. ఇంజన్‌కి అది కళ్ళెం లాంటిది. హద్దు దాటి తిరగబోతే డీజిల్ తగ్గించేస్తుంది. ఆ కళ్ళెం ఎవరో బిగించి ఉంటారు. వదులు చేస్తే సరిపోతుంది.

"ఆదివారం చర్చి అయ్యాక వస్తాను" అన్నాను.

*

టెంట్ హౌస్ వెనక రేకుల షెడ్డులో ఉంది ఆ ట్రాక్టర్. ఒక పక్క చుట్టలు చుట్టిన షామియానా గుడ్డలు, ఇంకో పక్క పైకప్పు దాకా పేర్చిన కుర్చీలు. తడి గుడ్డ వాసన, తుప్పు వాసన. ట్రాక్టర్ రంగు వెలిసి ఇటుక రంగుకి తిరిగింది. రాఘవేందర్ స్టార్ట్ చేశాడు. ఆ శబ్దంలో ఏ లోపమూ లేదు. అంత పాత ఇంజన్ అంత శుభ్రంగా కొట్టుకోవడం నేనెప్పుడూ వినలేదు.

పంపు దగ్గర వంగి చూశాను. జోరు హద్దు పెట్టే స్క్రూకి మామూలుగా ఒక తీగ, దానికో సీసం ముద్ర ఉంటాయి. దీనికి తీగ మీద తీగ మెలిపెట్టి కట్టారు. అది చాలదన్నట్టు స్క్రూ తల మీద వెల్డింగ్ చుక్క వేశారు. మూత తీస్తే స్ప్రింగు కింద ఇనప ముక్క ఒకటి ఇరికించి ఉంది. చేత్తో ఆకురాయి పట్టి అరగదీసిన ముక్క. కంపెనీది కాదు.

"ఎవరో కావాలనే చేశార్రా ఇది. చాలా ఓపిగ్గా కొలిచి మరీ చేశారు."

"డీజిల్ ఆదా జెయ్యనీకి అయ్యుంటది. పీనాసి ముసలోడు" అన్నాడు రాఘవేందర్.

నేనూ అలాగే అనుకున్నాను. వెల్డింగ్ అరగదీసే గ్రైండర్ కోసం బండి వెనక్కి వెళితే, ట్రాలీ తగిలించే హుక్కు కనిపించింది. హుక్కంతా తుప్పు. లోపలి వంపులో మాత్రం ఒక గాడి పడి, అద్దంలా మెరుస్తోంది. తాడు రాసుకుని రాసుకుని అరిగిన గాడి. ఏళ్ళ తరబడి కొట్టంలో పడి ఉన్న బండికి అంత కొత్త మెరుపు ఎక్కడిదో నాకర్థం కాలేదు.

రాఘవేందర్ భార్య కల్పలత చాయ్ తెచ్చింది. టెంట్ హౌస్ బుకింగులన్నీ ఆమే చూసుకుంటుంది. దేనికీ తొందరగా బెదిరే మనిషి కాదు. గ్లాసు నా చేతికిచ్చి కాసేపు అక్కడే నిలబడింది.

"శాంతన్నా, ఒక మాట చెప్పు. పొద్దుగాల ఈయన బండిని షెడ్ల పెడుతుంటే నేను వంటింట్ల ఉన్న. బండి వెనక ఎవరో ఉరికొచ్చిన చప్పుడైంది. ఉత్త కాళ్లతోని. కూలోళ్లేమో అనుకున్న. బయటకొచ్చి చూస్తే ఎవ్వరు లేరు."

"కుక్క అయ్యుంటదే" అన్నాడు రాఘవేందర్.

"కుక్కకు ఆయాసమొస్తే మనిషి లెక్క మూలుగుతదా?"

వాడు నవ్వేశాడు. ఆమె నవ్వలేదు. "నేను ఆ ముసలామెకు ఫోన్ జేస్త" అని లోపలికి వెళ్ళిపోయింది.

నేను వెల్డింగ్ అరగదీశాను. ఇనప ముక్క పీకేశాను. లారీ పంపుది బలమైన స్ప్రింగు వేసి, డీజిల్ స్క్రూ తిప్పి, అన్నీ బిగించాను. ఇంజన్ మళ్ళీ స్టార్ట్ చేసి ఫుల్లు ఇస్తే షెడ్డు రేకులు దడదడలాడాయి. కుర్చీల వరస ఒకటి ఊగి కూలిపోయింది. రాఘవేందర్ ఎగిరి నన్ను కావలించుకున్నాడు.

"షురూ చేద్దాం పా!"

*

యాప్రాల్ చివర ఒక వెంచర్ ఉంది. ప్లాట్లు చేసి, నల్లటి తారు రోడ్డు వేసి, గేటు పెట్టి వదిలేశారు. ఒక్క ఇల్లు కూడా లేవలేదు. ఆ రోడ్డు తిన్నగా పోయి బండరాళ్ళ గుట్ట ముందు ఆగిపోతుంది. మేం వెళ్ళేసరికి పొద్దు గుంకుతోంది. డిసెంబరు చలి. ఎక్కడో చెత్త కాలుతున్న పొగ నేల మీదే పరుచుకుని ఉంది. అవతల ఉన్న మిలిటరీ క్యాంపు వైపు నుంచి సన్నగా విజిల్ వినిపించి ఆగిపోయింది.

వాడు ట్రాక్టర్ మీద, నేను వెనక నా బైకు మీద. నా మీటరు చూసి వాడి జోరు చెప్పాలని ఒప్పందం.

మొదట మెల్లగానే పోనిచ్చాడు. సైకిలంత జోరు. నేను వెనకే పోతున్నాను. ఇంజన్ శబ్దం కింద ఇంకో శబ్దం ఉందని కాసేపటికి గమనించాను.

టప్... టప్... టప్... టప్...

తారు మీద ఉత్త పాదాలు పడుతున్న చప్పుడు. నాకూ ట్రాక్టర్‌కీ మధ్య ఉన్న ఖాళీ రోడ్డు మీద నుంచి వస్తోంది. దాంతోపాటే ఊపిరి. నోటితో పీల్చి నోటితో వదిలే ఊపిరి. నా హెడ్‌లైటు వెలుగు సూటిగా అక్కడే పడుతోంది. అక్కడ ఎవరూ లేరు.

చెమట వాసన వచ్చింది. ఎండలో చాలాసేపు పనిచేసిన మనిషి చెమట.

"రాఘవా!" అని అరిచాను. వాడికి వినిపించలేదు. చెయ్యి పైకెత్తి ఊపి, ఫుల్లు ఇచ్చేశాడు.

ట్రాక్టర్ ముందుకి దూకింది. నల్లటి పొగ నా మొహం మీద కొట్టింది. పాదాల చప్పుడు తొందరైంది. టప్‌టప్‌టప్‌టప్... ఇంకా తొందరైంది. తడబడింది. ఒక్కసారి ఆగిపోయింది.

ధబ్ మని ఏదో నేలకి కొట్టుకుంది.

ఆ తర్వాత ఈడ్చుకుపోతున్న శబ్దం. తడి గోనెసంచిని గరుకు నేల మీద లాగితే వచ్చే శబ్దం. ట్రాక్టర్ వెనక హుక్కు కిందికి వంగింది. ముందు చక్రాలు తేలికై రోడ్డు మీద గంతులేశాయి. వెనక బరువు తగిలిన బండి అలాగే చేస్తుంది. కానీ వెనక ట్రాలీ లేదు. ఏమీ లేదు.

నా లైటు వెలుగులో తారు మీద ఒక చార కనిపించింది. వెడల్పుగా, తడిగా... ట్రాక్టర్ ముందుకి పోతున్నకొద్దీ అది పొడుగవుతోంది. నా టైరు దాని మీదికెక్కి జారింది. పడబోయి నిలదొక్కుకున్నాను. చెమట వాసన పోయి, మాంసం కొట్టు వాసన ముక్కుకి తగిలింది.

అప్పుడు రాఘవేందర్ వెనక్కి తిరిగి చూశాడు.

వాడు నన్ను చూడలేదు. నాకు ముందున్న నేల వైపు చూశాడు. వాడి మొహం మీద నవ్వు అలాగే ఉంది, కళ్ళు మాత్రం మారిపోయాయి. వెంటనే తిరిగి స్టాప్ నాబ్ లాగాడు. ఇంజన్ ఆగలేదు. మళ్ళీ లాగాడు. నాబు తీగతో సహా ఊడి చేతిలోకి వచ్చేసింది. ఇంజన్ గొంతు ఇంకా పైకి లేచింది... కేక పెట్టినట్టు.

వాడి చేతులు రెండూ ఒక్కసారిగా స్టీరింగ్ వదిలేశాయి. రెండూ మణికట్టు దగ్గర కలిశాయి. వెనక్కి లాగేసుకున్నాయి. వాడు సీటు మీద నుంచి వెల్లకిలా లేచి, గాల్లో పల్టీ కొట్టి, బోర్లా రోడ్డు మీద పడ్డాడు.

పడి ఆగలేదు.

చేతులు ముందుకి చాపి, మొహం కిందికి పెట్టి, ట్రాక్టర్ వెనకే ఈడ్చుకుపోతున్నాడు. చేతులకీ హుక్కుకీ మధ్య ఏమీ లేదు. తాడు లేదు, గొలుసు లేదు. అయినా వాడి ఒళ్ళు ట్రాక్టర్ ఎటు తిరిగితే అటు తిరుగుతోంది. చొక్కా చిరిగి ఎగిరి నా హ్యాండిల్‌కి చుట్టుకుంది. వాడి మోకాళ్ళు రోడ్డుకి కొట్టుకుంటున్న చప్పుడు నాకు ఒక్కొక్కటీ విడిగా వినిపించింది. మొదట్లో వాడు నా పేరు పెట్టి పిలిచాడు. తర్వాత పేరు లేదు... కేక ఒక్కటే. తర్వాత కేక కూడా లేదు.

రోడ్డు అయిపోయింది. ట్రాక్టర్ వెళ్ళి బండరాయికి గుద్దుకుంది. ముందు ఇరుసు విరిగింది. వెనక చక్రాలు మాత్రం తిరుగుతూనే ఉన్నాయి. మట్టిని, కంకరని వెనక్కి చిమ్ముతూ రాఘవేందర్ మీద పోస్తున్నాయి. వాడు అంగుళం అంగుళం ఆ చక్రాల వైపు జరుగుతున్నాడు.

నేను బైకు వదిలేసి పరుగెత్తాను. వాడి నడుం పట్టుకుని వెనక్కి లాగాను. కదల్లేదు. ఊరంతా అవతలి పక్క నిలబడి లాగుతున్నట్టుంది. ఇంజన్‌ని ఆపాలి. డీజిల్ కట్టేసినా ఆగని ఇంజన్‌కి గాలి ఆపడం ఒక్కటే మార్గం. ట్రాక్టర్ పక్క నుంచి ఎక్కి, చొక్కా విప్పి, బానెట్ మీద నిలువుగా ఉన్న గాలి గొట్టంలో కుక్కాను. అది చొక్కాని నోట్లోకి లాక్కున్నట్టు లాక్కుంది. రెండు చేతులతో మూసి, పొట్ట ఆనించి మీద పడుకున్నాను. ఇంజన్ దగ్గింది. వణికింది. మళ్ళీ దగ్గింది.

ఆగిపోయింది.

ఆ నిశ్శబ్దంలో నా వెనక ఎవరో ఆయాసపడుతున్నారు.

నా ఎడమ కాలిని పట్టుకున్నారు. రెండు చేతులు. వేడిగా ఉన్నాయి. రెండూ ఒకదానికొకటి అతుక్కున్నట్టు పక్కపక్కనే ఉన్నాయి. తల తిప్పి చూశాను. నా కాలు తప్ప ఏమీ కనిపించలేదు. చర్మం మాత్రం వేళ్ళ కింద నొక్కుకుపోయి గుంటలు పడుతోంది.

"ప్రభువా..." అన్నాను. ఆ ఒక్క మాట తప్ప ప్రార్థన ఏదీ గుర్తు రాలేదు.

పట్టు మెల్లగా వదిలింది.

కిందికి దూకి రాఘవేందర్‌ని తిప్పాను. గుండెల మీద చర్మం లేదు. కంకర రాళ్ళు మాంసంలో దిగబడి ఉన్నాయి. ఒక మోకాలి దగ్గర తెల్లగా ఎముక. మొహం సగమే మొహంలా ఉంది. ఊపిరి మాత్రం ఆడుతోంది. వాడి మణికట్ల చుట్టూ లోతుగా కోసుకుపోయిన గీతలు. ఆ గీతల్లో, రక్తంలో నాని, కొబ్బరిపీచు తాడు నారలు.

*

అంబులెన్స్‌కీ కల్పలతకీ ఫోన్ చేశాను. ఆమె స్కూటీ మీద ముందు వచ్చింది. భర్తని చూసి అరవలేదు. మోకాళ్ళ మీద కూలబడి, ఆయన తల ఒళ్ళో పెట్టుకుని, చున్నీతో నోట్లో మట్టి తీస్తూ కూర్చుంది. అంబులెన్స్ వచ్చింది. అందులో ఝాన్సీలక్ష్మి అనే నర్సు ఉంది. చకచకా పట్టీలు వేసి, సెలైన్ పెట్టి, స్ట్రెచర్‌కి బెల్టులతో బిగించి లోపలికి ఎక్కించింది. మేమిద్దరం పక్కన కూర్చున్నాం.

"రక్తం చాలా పోయింది. అన్నా, జల్ది పోనియ్!" అని డ్రైవర్‌ని కేకేసింది ఝాన్సీలక్ష్మి.

సైరన్ మోగింది. వెంచర్ గేటు దాటి పెద్ద రోడ్డెక్కగానే డ్రైవర్ జోరు పెంచాడు.

రాఘవేందర్ చేతులు లేచాయి.

స్పృహ లేదు వాడికి. కళ్ళు మూసుకునే ఉన్నాయి. చేతులు మాత్రం రెండూ కలిసి లేచి, వెనక తలుపు వైపు సూటిగా చాచుకున్నాయి. వాటి వెంట ఒళ్ళు లేచింది. బెల్టులు కిర్రుమన్నాయి. ఛాతీ మీది పట్టీలోంచి రక్తం చిమ్మి ఝాన్సీలక్ష్మి మొహం మీద పడింది.

"ఫిట్స్! పట్టుకోండి, పట్టుకోండి!"

ముగ్గురం మీద పడ్డాం. ఆగలేదు. వెనక తలుపుకి బయట నుంచి ఏదో కొట్టుకుంటోంది. గతుకు వచ్చినప్పుడల్లా ఒక దెబ్బ. బండి కింద నుంచి అదే శబ్దం... తడి గోనెసంచి శబ్దం.

కల్పలత ఫోన్ మోగింది. ఒక చేత్తో భర్తని అదిమిపట్టి, ఇంకో చేత్తో స్పీకర్ ఆన్ చేసింది.

"బిడ్డా, కమలాబాయిని. నువ్వు పగటీలి ఫోన్ జేసినవంట. బండి వెనక చప్పుడైందన్నవంట..."

"అమ్మా, ఏముందమ్మా ఆ బండిల? నా మొగడిని సంపుతుంది!"

అవతల ముసలి గొంతు తొందర తొందరగా చెప్పింది.

"తాతారావు అని ఒక డ్రైవర్ ఉండె మా కాడ. ఆంధ్ర నుంచి వచ్చినోడు. డీజిల్ దొంగిలిచ్చిండని మా మరిది రఘునాథ్ చేతులు కట్టి హుక్కుకు కట్టిండు. ఊరంత చూడాలె అని ఉరికిచ్చిండు. మెల్లగ పోయినంతసేపు ఉరికిండు బిడ్డా. జనం నవ్విన్రు. మా మరిదికి తిక్కలేసి జోరు పెంచిండు. వాడు పడ్డడు... పడ్డా ఆపలే. ఊరు దాటేదాక ఆపలే. కేసు లేదు, ఏం లేదు. వాడి తరఫున అడగనీకి ఎవ్వరు రాలే."

తలుపు మీద దెబ్బ.

"నెల తిరగకుండ మా మరిది గదే బండి వెనక ముక్కలై దొరికిండు. అప్పటి సంది జోరుగ తోలితే బరువు తగిలేది. మా ఆయన ఆలోచన జేసి, వాడు లేసి ఉరికేటంత జోరుకే బండిని కట్టేసిండు. మెల్లగ పోతే వాడు నిలబడి ఉరుకుతడు. ఎవ్వరినేం జెయ్యడు. జోరు జేస్తే పడుతడు. పడితే ఇడువడు. ఇప్పుడు నీ మొగడు యాడున్నడు?"

"అంబులెన్స్‌ల ఉన్నం."

"అయ్యో! జోరుగ తీస్కపోకుండ్రి! బండిని కాదు బిడ్డా, వాడు ఇప్పుడు మనిషిని పట్టుకున్నడు..."

రాఘవేందర్ కుడి భుజంలో పటుక్కుమంది. చెయ్యి కీలు నుంచి ఊడి జానెడు పొడుగు సాగింది. స్పృహ లేకుండానే వాడు కేక పెట్టాడు.

కల్పలత డ్రైవర్ వెనకున్న అద్దం మీద పిడికిలితో కొట్టింది. "స్లో చెయ్యి! మెల్లగ పోనియ్!"

"అక్కా, పిచ్చిలేసిందా?" ఝాన్సీలక్ష్మి ఆమె చెయ్యి పట్టుకుంది. "నాడి పడిపోతుంది. మెల్లగ పోతే దవాఖాన దాక బతకడు."

"జోరుగ పోతే ఈడనే చీరేస్తడు! కనబడుతలేదా నీకు?"

ఝాన్సీలక్ష్మి ఆ చేతుల వైపు చూసింది. గాల్లో ఏ ఆధారమూ లేకుండా తలుపు వైపు బిగుసుకుని ఉన్న చేతులు. ఎడమ మణికట్టు మీద కట్టిన తెల్లటి పట్టీ మా కళ్ళ ముందే నొక్కుకుపోతూ, ఎర్రబడుతూ... ఆమె కల్పలత చెయ్యి వదిలేసింది. కల్పలత నా వైపు తిరిగింది.

"శాంతన్నా, నువ్వు చెప్పు. ఏం జెయ్యాలె?"

నేను డ్రైవర్‌తో చెప్పాను. "మనిషి పరిగెత్తేంత జోరులో పోనివ్వు. అంతకు మించొద్దు."

అంబులెన్స్ నెమ్మదించింది. కింద ఈడ్పు శబ్దం తగ్గింది. ఏదో దొర్లింది. మూలిగింది. లేచి నిలబడింది.

టప్... టప్... టప్... టప్...

చేతులు మెత్తబడి కిందికి వాలాయి. ముగ్గురం వింటున్నాం. సైరన్ మోగుతూనే ఉంది. బైకులు మమ్మల్ని దాటుకుపోతూ, అంబులెన్స్ ఇట్లా నడవడమేందని డ్రైవర్‌ని తిడుతున్నాయి. లోతుకుంట దాటాం. వెనక కార్ల హారన్లు. ఝాన్సీలక్ష్మి వాడి మెడ మీద వేళ్ళు పెట్టి కూర్చుంది. మధ్యమధ్య తల ఎత్తి కల్పలత వైపు చూస్తోంది. దవాఖాన ఇంకా దూరం. రక్తం స్ట్రెచర్ అంచు మీదుగా కారి నా చెప్పుల కిందికి చేరింది.

తిరుమలగిరి దగ్గర రాఘవేందర్ కళ్ళు తెరిచాడు. నేను వంగి చెవి పెట్టాను.

"వాడు... అలిసిపోయిండురా" అన్నాడు.

అదే ఆఖరి మాట.

*

డాక్టరు చాలాసేపు ప్రయత్నించాడు. బయటికి వచ్చి, ఇంకొంచెం ముందు తీసుకొస్తే బాగుండేదన్నాడు. కల్పలత ఆ మాట విని తల ఊపింది. గోడకి ఆనుకుని కింద కూర్చుంది. కాసేపటికి నా వైపు చూసి, "మెల్లగ తెమ్మన్నందుకే పోయిండా, అన్నా?" అని అడిగింది. జోరు చంపిందో, నిదానం చంపిందో ఆ దేవుడికే తెలియాలి.

యాప్రాల్ వెళ్ళి వాడి తమ్ముణ్ణి తీసుకురావాలి. ఇంట్లో వాళ్ళకి కబురు చెప్పాలి. కల్పలతని లేవదీసి ఎమర్జెన్సీ తలుపు దాకా వచ్చాను. రెండు చేతులకీ అంటిన రక్తం అప్పటికి ఎండి చర్మం లాగుతోంది. బయట ఆటోలు బారుగా నిలబడి ఉన్నాయి. టీ బండి చుట్టూ జనం. అంతా మామూలుగా ఉంది.

గేటు దగ్గరి సెక్యూరిటీ ముసలాయన చేతిలో మూత తీసిన నీళ్ళ సీసాతో మా దగ్గరికి వచ్చాడు.

"సార్, మీతోని వచ్చినాయన గేటు బయట కూసున్నడు. జెర చూసుకోండ్రి. ఆంధ్ర మాట లెక్కుంది. చాన దూరం ఉరికొచ్చినట్టు ఒకటే ఆయాసం. నీళ్లిస్తే పట్టుకోలే. చేతులు రెండు దగ్గరికి పెట్టుకొని అట్లనే కూసున్నడు."

నా చెయ్యి పట్టుకున్న కల్పలత వేళ్ళు బిగుసుకున్నాయి.

"ఎవరి మనిషివయ్యా అంటే చెప్తలేడు" అన్నాడు సెక్యూరిటీ ముసలాయన. "మీరు ఇంటికి దేని మీద పోతరని... గదొక్కటే అడుగుతున్నడు."